వెట్టి పోయిన దారి



మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. పొద్దుపోయేదాకా పని చేసిన ఇల్లాలు, "రోజంతా వెట్టి చాకిరీయే నాకు" అని విసుక్కుంటుంది. బజారుకు పంపితే పిల్లవాడు కూడా, "ఊరికే వెట్టికి తిప్పుతున్నారు" అని గొణుగుతాడు. మరాఠీ మాట్లాడే పొరుగింటివారు ఇదే సంగతిని "వేఠ్‌బిగార్" అంటారు. వెట్టి, వేఠ్ అనే ఈ రెండు మాటలకూ మూలం సంస్కృతంలోని "విష్టి" అని పండితులు చెబుతారు. కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే పని అని దాని అర్థం. మనకు ఇప్పుడు అది విసుగును తెలిపే మాటగా మిగిలింది. మన తాతముత్తాతల కాలంలో అది విసుగు కాదు, బతుకు. ఆ వెట్టి ఎలా ఉండేది, ఎవరు దాన్ని కాదన్నారు, కాగితం మీద రద్దయిన తరువాత కూడా ఎందుకు అంత కాలం బతికింది అనే విషయాలు ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందుగా మనం ఉన్న చోటును ఒకసారి చూసుకుందాం. బామ్ని, సిరొంచా, అంకీసా, ఆసరెల్లి ఊళ్ళు మహారాష్ట్రలో ఉన్నాయి. ఇంటి మాట తెలుగు, కచేరీ మాట మరాఠీ. పడమటి దిక్కున ప్రాణహిత పారుతుంది. సిరొంచా దగ్గర అది గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున కాళేశ్వరం, మహదేవపూర్, చెన్నూరు. పెళ్ళి సంబంధాలు, జాతరలు, అంగళ్ళు అన్నీ నదికి రెండు వైపులా ఉన్నవే. పరిపాలన మాత్రం వేరు. 1860 వరకు ఈ సిరొంచా ప్రాంతం కూడా నిజాం రాజ్యంలోదే. ఆ ఏడాది జరిగిన ఒప్పందం ప్రకారం గోదావరి, ప్రాణహితల ఎడమ ఒడ్డున ఉన్న భూములను నిజాం ఆంగ్లేయులకు వదిలిపెట్టాడు. సిరొంచా ముఖ్యస్థానంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లాను తీసివేసి సిరొంచాను చాందా జిల్లాలో కలిపారు. అప్పటినుంచి 1947 దాకా ఈ ఒడ్డున ఆంగ్లేయుల సెంట్రల్ ప్రావిన్సెస్, ఆ ఒడ్డున నిజాం సర్కారు. ఒకే భాష మాట్లాడే మనుషుల మధ్య నది రెండు రాజ్యాలకు సరిహద్దుగా నిలిచింది.

అవతలి ఒడ్డున ఉన్న సర్కారు ఎటువంటిది? నిజాం పాలన అంటే అంతా చీకటే అనుకోవడం న్యాయం కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి, ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, పై చదువులు చెప్పించిన ప్రభుత్వం అది. 1931 నాటికి నిజాంసాగర్ ఆనకట్ట కట్టించింది. రైళ్ళు, ఆసుపత్రులు, మిల్లులు వచ్చాయి. మనకు దగ్గరలో ఉన్న కాగజ్‌నగర్ కాగితం మిల్లు కూడా 1930ల చివర్లో మొదలైనదే. కట్టడాల్లో కొత్తదనం కోరిన ఆ ప్రభుత్వం మనుషుల మధ్య సంబంధాల దగ్గరికి వచ్చేసరికి పాత పద్ధతిని కదలనివ్వలేదు. రాజ్యంలోని భూమిలో సుమారు 60 శాతం మాత్రమే నేరుగా సర్కారు పాలనలో ఉండేది. దాన్ని దివానీ అనేవారు. దాదాపు 30 శాతం జాగీర్దార్ల చేతిలో, 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్‌గా ఉండేది. దివానీ ఊళ్ళల్లోనూ దేశ్‌ముఖులు, దేశపాండ్యాలు, పటేలు పట్వారీలే పెత్తందార్లు. భూమి లెక్క, శిస్తు లెక్క, తగవుల తీర్పు అంతా వారి చేతుల్లోనే. పాత కట్టు చెదిరితే రాజ్యం చెదురుతుందని భయపడే ప్రభుత్వాన్నే చరిత్రకారులు సంప్రదాయవాద ప్రభుత్వం అంటారు. ఆ మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ వెతకనక్కర లేదు.

ఆ కట్టుకు పునాది వెట్టి. ఊళ్ళోకి గిర్దావరో తహసీల్దారో వస్తే దళిత కుటుంబాల వాళ్ళు ముందుగా పరుగెత్తి కబురు చెప్పాలి. సామాను మోయాలి, టపా మోయాలి, గుర్రాలకు గడ్డి కోసి తేవాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. చాకలి బట్టలు ఉతకాలి, దొర ఇంట్లో కార్యమైతే వంటపాత్రలు తోమాలి. మంగలి క్షవరం చేసి, రాత్రి కాళ్ళు పిసకాలి. గొల్లవారు మేకనో గొర్రెనో అప్పగించాలి. గౌడలు కల్లు పోయాలి. సాలెవారు బట్ట ఇవ్వాలి. రైతు తన పొలం ఎండుతున్నా సరే, ముందు దొర పొలానికి నాగలి కట్టాలి. కోమటి కొట్టునుంచి బియ్యం, పప్పు, నెయ్యి సరఫరా కావాలి. వీటికి ధర లేదు, కూలి లేదు. రానని చెప్పే హక్కు అసలే లేదు. ఆడవాళ్ళు పడిన అవమానాలు ఇక్కడ విడమరిచి చెప్పలేను, మీరు ఊహించుకోగలరు.

వెట్టికి తోడు భగేలా అనే పద్ధతి ఉండేది. కూతురి పెళ్ళికో, తండ్రి కర్మకాండకో ఒక పేదవాడు కొద్దిపాటి అప్పు చేస్తాడు. తీర్చడానికి డబ్బు లేదు కాబట్టి ఒళ్ళు తాకట్టు పెట్టి దొర దగ్గర జీతానికి ఉంటాడు. ఏడాది గడిచేసరికి వడ్డీ కలిసి అప్పు పెరుగుతుందేగాని తరగదు. లెక్క రాసేది దొర, చదివేది దొర గుమాస్తా. ఆ మనిషి ముసలివాడైతే అతని కొడుకు ఆ చోట్లోకి వస్తాడు. తాత చేసిన అప్పుకు మనవడు పశువులు కాసిన కుటుంబాలు ఎన్నో.

ఈ పద్ధతిని మొదట ప్రశ్నించినవారు హైదరాబాదులోని చదువుకున్నవారు. ఆ కథ 1921 నవంబరులో మొదలవుతుంది. అది సరిహద్దు వాళ్ళమైన మనకు ప్రత్యేకంగా తెలియవలసిన కథ. హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ్ కర్వే, స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మహానుభావుడు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. సంస్కరణ కోసం కూడిన సభలోనే తెలుగు మాటకు చోటు లేకపోయింది. నొచ్చుకున్న తెలుగువారు ఆ రాత్రే కలుసుకుని ఆంధ్ర జనసంఘం స్థాపించారు. భాషకు జరిగిన అవమానంతో పుట్టిన ఆ సంఘం భాష దగ్గరే ఆగిపోలేదు. మాడపాటి హనుమంతరావు వంటి పెద్దలు ఊళ్ళు తిరిగి, ప్రజల కష్టాలు అడిగి తెలుసుకున్నారు. వర్తకుల మీద పడే బలవంతపు సరఫరాల గురించి, వెట్టి గురించి చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేయించారు. ఏ పని సర్కారు ఉత్తర్వుల ప్రకారం చేయనక్కరలేదో, ఏ పనికి డబ్బు అడగవచ్చో వాటిలో తెలుగులో రాశారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది.

ఈ పెద్దలు తిరుగుబాటుదార్లు కారు. వకీళ్ళు, పత్రికా రచయితలు, గ్రంథాలయాలు నడిపేవాళ్ళు. అర్జీలు రాసేవారు, తీర్మానాలు చేసేవారు, ప్రభువుల వారికి విన్నవించుకునేవారు. అంత మెత్తగా మాట్లాడినా సర్కారుకు అనుమానమే. "గస్తీ నిశాన్ 53" అనే ఉత్తర్వు ఒకటి ఉండేది. ముందుగా అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టకూడదని దాని సారాంశం. ప్రైవేటు బడి తెరవాలన్నా అనుమతే. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఇంకా పూర్తిగా ఏర్పడకముందే దాన్ని నిషేధించారు. నదికి ఈవలి పక్క ఆంగ్లేయుల పాలనలో 1926లోనే కార్మిక సంఘాల చట్టం వచ్చింది. అటువంటి చట్టం నిజాం రాజ్యానికి చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మరి ఇంత పాత పద్ధతి సర్కారు వెట్టిని సమర్థిస్తూ చట్టం చేసిందా అంటే, లేదు. అది వెట్టి వద్దనే ఉత్తర్వులు ఇచ్చింది. భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ 1936లో చట్టం కూడా చేసింది. అప్పుకు బదులు మనిషి శ్రమను తాకట్టు పెట్టుకోవడాన్ని అదుపు చేయాలన్నది దాని ఉద్దేశం. అంటే కాగితం ప్రకారం చూస్తే పేదవాడికి కొంత రక్షణ వచ్చినట్టే. ఊళ్ళో మాత్రం ఏమీ మారలేదు. 1940లలో ఆదిలాబాదు, వరంగల్లు అడవుల్లో పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు గిరిజనులు ఇంకా అప్పుల చెరలోనే ఉన్నారని చూశాడు.

ఎందుకిలా జరిగింది? దీనికి జవాబు కష్టమేమీ కాదు. చట్టం అమలు చేయవలసిన అధికారి ఊరికి వచ్చినప్పుడు ఎవరింట్లో దిగేవాడు? దొర గడీలో. అతను తిన్న అన్నం ఎక్కడిది? కోమటి కొట్టునుంచి వెట్టికి వచ్చిన బియ్యం. అతని సామాను ఎవరు మోశారు? వెట్టివాడు. ఫిర్యాదు చేయాలంటే ఆ అధికారి ముందే చేయాలి. అర్జీ రాసేది పట్వారీ, పట్వారీ దొర మనిషి. ఇక ఉత్తర్వు ఉన్నది ఉర్దూలో. వెట్టి చేసేవాడికి తెలుగు అక్షరాలే రావు. పులి ఇంటి ముందు మేకల పంచాయతీ అన్నట్టు ఉండేది వ్యవహారం. అందుచేత ఆ కాగితానికి విలువ రావాలంటే ఇంకొకటి కావలసి వచ్చింది. అది ఊళ్ళోనే పుట్టాలి.

1940ల మొదట్లో అది పుట్టింది. 1941లో చిలుకూరులో జరిగిన ఆంధ్ర మహాసభకు, 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వ రుసుము తగ్గించి, ఊరి పేదలను సభ్యులుగా చేర్చారు. పెద్దలలో కొందరికి ఇది నచ్చలేదు. భువనగిరిలో మహాసభ రెండుగా చీలింది. ఊరి జనం మాత్రం దానికి ఒక ముద్దుపేరు పెట్టుకున్నారు. "సంగం" అన్నారు. సంగం వచ్చిందంటే వెట్టి బందు. దొరలు జనాన్ని పిలిస్తే, "మేము సంగంలో ఉన్నాం, వెట్టికి రాము" అని చెప్పడం మొదలైంది. ఒక్కడు చెబితే దెబ్బలు తిన్నాడు. వాడంతా చెప్పేసరికి దొర మనుషులు వెనక్కి తగ్గారు. అర్జీల కాలంలో ఇరవై ఏళ్ళు కదలనిది అప్పుడు కదిలింది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ మీకు తెలిసే ఉంటుంది. కౌలుకు తీసుకున్న కొద్ది భూమి పంటను విసునూరు దేశ్‌ముఖు మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం కార్యకర్తలు నిలబడి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖు గూండాలు కాల్చిన తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య ప్రాణం విడిచాడు. ఆ తరువాత నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో మొదలైన పోరాటం, దానిలో చిందిన రక్తం, రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలవడం, 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించడం, ఇవన్నీ విడిగా చెప్పుకోవలసిన చరిత్ర. మన విషయానికి కావలసింది ఒక్కటి. తుపాకులు రాకముందే, ఊరంతా కలిసి "రాము" అన్న రోజునే వెట్టి వెన్ను విరిగింది.

ఈ ఊళ్ళ పోరాటానికి పట్టణాలూ తోడయ్యాయి. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ అధ్యక్షుడు. మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవారు కూలి రేట్ల గురించి, పని గంటల గురించి అడగసాగారు. వెట్టి తప్పించుకుని బొగ్గు గనికి వెళ్ళిన మనిషికి ఒక కొత్త సంగతి తెలిసింది. పనికి లెక్క ఉంటుంది, లెక్కకు డబ్బు ఉంటుంది, డబ్బు తక్కువైతే అడగవచ్చు. మనకు ఎదురుగా ఉన్న ఆదిలాబాదు అడవుల్లో 1940లో కొమరం భీము జోడేఘాట్ దగ్గర ప్రాణాలు అర్పించినది కూడా అడవి మీద, భూమి మీద హక్కు కోసమే. ఆ దెబ్బ తిన్న తరువాతనే నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి గిరిజనుల స్థితి మీద నివేదికలు తెప్పించుకుంది.

ఇక మన ఒడ్డు సంగతి. ఆంగ్లేయుల పాలనలో ఉన్నాం కాబట్టి మనవాళ్ళు సుఖంగా ఉన్నారని అనుకోవద్దు. అహేరి జమీందారీ అడవుల్లో జమీందారు మాటే చెల్లేది. 1935 నాటి రాజ్యాంగ చట్టం కింద అహేరి జమీందారీని "పాక్షికంగా మినహాయించిన ప్రాంతం"గా ప్రకటించారు. నాగపూరు శాసనసభ మంచి చట్టం చేసినా, గవర్నరు ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప అది ఇక్కడికి రాదు. అమాయకులైన గిరిజనులను కాపాడడానికే ఈ ఏర్పాటు అన్నారు. దాని ఫలితంగా మంచి చట్టాలు కూడా అడవి అంచున ఆగి నిలబడే వీలు కలిగింది. ఆ ఒడ్డున ఉత్తర్వు గడీ గుమ్మం దగ్గర ఆగితే, ఈ ఒడ్డున చట్టం గవర్నరు బల్ల మీద ఆగవచ్చు.

మహారాష్ట్రలో కార్మికుల హక్కుల చరిత్ర ఇంకా ముందుగానే మొదలైంది. అందులో తెలుగువారి పాలు ఉందని మన పిల్లలకు చెప్పాలి. జోతిరావు ఫులే 1873లో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు, బొంబాయిలో కట్టడాల గుత్తేదార్లుగా స్థిరపడిన తెలుగువారు ఆయనకు అండగా నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వ్యంకూ బాళోజీ కాళేవార్ వారిలో ముఖ్యులు. ఆ సమాజం మనిషే నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన "దీనబంధు" పత్రిక నడిపాడు. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం స్థాపించాడు. మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు 1890లో వచ్చింది, అది ఆయన కృషి ఫలితమే. ఈరోజు ఆదివారం ఇంట్లో కూర్చుని రేడియో వింటున్న ప్రతి ఉద్యోగీ ఆ మనిషికి రుణపడి ఉన్నాడు.

వెట్టికి మరాఠీ దేశంలో ఒక తోబుట్టువు ఉంది. దాని పేరు మహార్ వతన్. ఊరికి వంశపారంపర్యంగా చాకిరీ చేయాలి. బదులుగా చారెడు భూమి, కొంత బలుతా ధాన్యం. భూమి ఉందన్న పేరుకు ఇంటిల్లిపాదీ రాత్రింబగళ్ళు ఎవరు పిలిస్తే వారికి పరుగెత్తాలి. డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ దీన్ని రద్దు చేయాలని 1928 మార్చిలో బొంబాయి శాసన మండలిలో బిల్లు పెట్టారు. సభ దాన్ని గట్టెక్కించలేదు. 1936లో ఆయన స్వతంత్ర కార్మిక పక్షం స్థాపించారు. 1937 సెప్టెంబరులో కొంకణంలోని ఖోతీ భూస్వామ్యం రద్దుకు బిల్లు తెచ్చారు. అదీ ముందుకు సాగలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అప్పుడు బొంబాయిలో ఉన్నది రాజరికం కాదు. 1937 ఎన్నికల్లో ప్రజలు గెలిపించిన బాలాసాహెబ్ ఖేర్ మంత్రివర్గం. స్వాతంత్ర్యం కోసం జైళ్ళకు వెళ్ళిన పెద్దలే అందులో ఉన్నారు. అయినా 1938లో ఆ ప్రభుత్వమే పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. ముందుగా నోటీసు, సంప్రదింపులు జరగకుండా సమ్మె చేస్తే శిక్ష అని అందులో ఉంది. పని ఆపే స్వేచ్ఛ లేకపోతే కూలివాడికీ వెట్టివాడికీ తేడా ఏమిటన్నదే అంబేద్కర్ వాదంలోని సారం. 1938 నవంబరు 7న ఆయన పక్షం, కమ్యూనిస్టులు, ఇతర కార్మిక సంఘాలు కలిసి బొంబాయిలో ఒకరోజు సమ్మె చేశాయి. పోలీసు కాల్పులు జరిగాయి. బిల్లు చట్టమైంది. ఓడిపోయినట్టే కనిపించినా, 1942లో అదే అంబేద్కర్ వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48 గంటలకు తగ్గించే సవరణ 1946లో వచ్చింది. మహార్ వతన్ రద్దు చట్టం మాత్రం 1958 దాకా రాలేదు. బిల్లుకూ చట్టానికీ మధ్య ముప్పై ఏళ్ళు గడిచాయి.

పాత పద్ధతిని పట్టుకుని వేలాడేది రాజులు మాత్రమే కాదని దీనివల్ల తెలుస్తుంది. ఎన్నుకున్న సభలోనూ, మంచివాళ్ళున్న మంత్రివర్గంలోనూ ఆ గుణం ఉండవచ్చు. ఏ పాలన వచ్చినా కూలివాడు తన లెక్క తాను చూసుకోవలసిందే.

స్వాతంత్ర్యం తరువాత రెండు ఒడ్డులూ ఒక రాజ్యాంగం కిందికి వచ్చాయి. 1949లో హైదరాబాదులో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో ఇటువైపు జమీందారీలు పోయాయి. సిరొంచా 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. రాజ్యాంగం 23వ అధికరణం బేగార్‌ను, అంటే వెట్టిని, నిషేధించింది. మన ఊరి మాట ఒకటి దేశపు మూలశాసనంలో నేరంగా చేరింది.

అయినా కట్టు బానిసలు మిగిలే ఉన్నారు. 1976లో వెట్టి కార్మిక పద్ధతి రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టంలో దేశమంతటా ఈ పద్ధతికి ఉన్న పేర్లు వరుసగా రాశారు. భగేలా అని ఉంది, జీత అని ఉంది, పాలేరు అని ఉంది, చివరగా వెట్టి అని ఉంది. ఎమర్జెన్సీలో, పౌరుల హక్కులు చాలావరకు ఆగిపోయి ఉన్న రోజుల్లో, ఇంత మంచి చట్టం రావడం ఒక విచిత్రం. ఆ చట్టం అప్పులన్నీ రద్దన్నది. జిల్లాకు, సబ్‌డివిజనుకు నిఘా సంఘాలు ఉండాలన్నది. 1982లో సుప్రీం కోర్టు మరో అడుగు వేసింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు కడుతున్న కూలీల కేసు అది. న్యాయమూర్తి పి. ఎన్. భగవతి తీర్పు చెబుతూ, కనీస కూలి కన్న తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా బలవంతపు చాకిరీయే, అది 23వ అధికరణానికి విరుద్ధమే అన్నారు. కొరడా పట్టుకుని చేయిస్తేనే వెట్టి కాదు, ఆకలి వల్ల తక్కువ కూలికి ఒప్పుకున్నా వెట్టే అని దాని భావం. మరుసటి ఏడాది రాజస్థాన్ కరువు పనుల కేసులోనూ ఇదే మాట నిలబడింది.

మన రాష్ట్రంలో 1972 కరువు నాటి కరువు పనులనుంచి ఉపాధి హామీ పథకం రూపుదిద్దుకుంది. విఠల్ సఖారాం పాగే దాని రూపకర్త. 1977లో దానికి చట్టం చేశారు. పని అడిగితే ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పిన చట్టం అది. దాని దారిలోనే 2005లో దేశమంతటికీ ఉపాధి హామీ చట్టం వచ్చింది.

చివరగా మన అడవికి వద్దాం. ఎండాకాలం వస్తే మన ఊళ్ళల్లో తునికాకు పని. తెల్లవారకముందే అడవికి వెళ్ళి, ఆకు కోసి, ఇంటికి తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తీసుకుపోతాం. మహారాష్ట్ర 1969లో అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని చట్టం కిందికి తెచ్చింది. అటుపక్క ఆంధ్రప్రదేశ్‌లో 1971లో అటువంటి చట్టమే వచ్చింది. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, దయచేసి గుర్తుంచుకోండి. మన వైపు కట్టకు 70 ఆకులు. నది అవతల కట్టకు 50 ఆకులు. అంటే నూరు కట్టలకు ఇక్కడ 7,000 ఆకులు, అక్కడ 5,000. అవతలి రేటు, మన రేటు పోల్చి చూసేవారు మొదట ఈ 2,000 ఆకుల తేడా లెక్కవేయాలి. నూరు కట్టల మీద కొసరుగా ఇంకో నాలుగైదు కట్టలు అడిగితే, ఆ కొసరుకు కూలి లెక్కగట్టకపోతే, ఆ నాలుగు కట్టలూ వెట్టి కిందికే వస్తాయి. దొర లేడు, గడీ లేదు, కాని తాత మోసిన మూట మన నెత్తిమీద కొంచెం మిగిలే ఉంది.

మంచి ఉదాహరణ కూడా మన జిల్లాలోనే ఉంది. ధానోరా తాలూకా మేంఢా లేఖా గ్రామసభ 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2009లో తన అడవి మీద సామూహిక హక్కు పత్రం పొందింది. 2011లో తమ వెదురును తామే అమ్ముకునే అధికారం సాధించింది. ఊరందరూ కూర్చుని, అందరూ ఒప్పుకున్న తరువాతే నిర్ణయం తీసుకునే ఊరు అది. ఆ హక్కు రాయపూరునుంచో ముంబాయినుంచో దానంతట అది నడిచి రాలేదు. ఊరివాళ్ళు చట్టం చదువుకున్నారు, దాని పేరు తెలుసుకున్నారు, పేరు పెట్టి అడిగారు.

శ్రోతలారా, ఇంత చరిత్రలో నేను పట్టుకున్న సారాంశం ఇది. మంచి కాగితాలు పాత పద్ధతి సర్కార్లు కూడా రాస్తాయి. నిజాం రాశాడు, ఆంగ్లేయులు రాశారు, ఎమర్జెన్సీలోనూ రాశారు. రాసిన కాగితం ఊరికి చేరాలంటే మూడు జరగాలి. కూలివాడికి అర్థమయ్యే భాషలో అది ఉండాలి. దాన్ని చదివి చెప్పేవాడు దొర మనిషి కాకూడదు. అడిగేవాడు ఒక్కడు కాకూడదు. మాడపాటివారు మొదటిది చేశారు, సంగం మిగిలిన రెండూ చేసింది. రెండు భాషల మధ్య బతుకుతున్న మనకు మొదటి పని ఇంకా మిగిలే ఉంది. కచేరీ నుంచి వచ్చే ఉత్తర్వు మరాఠీలో ఉంటుంది, కల్లం దగ్గర కూలీకి తెలిసింది తెలుగో, మాడియానో, గోండీయో. మన ఇంట్లో బడికి వెళ్ళే పిల్లవాడు మరాఠీ చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు. ఈ ఎండాకాలం కల్లం దగ్గర అంటించిన రేటు కాగితాన్ని ఆ పిల్లవాడి చేత గట్టిగా చదివించండి. కట్టల చీటీని ఇంటి దూలానికి గుచ్చి దాచుకోండి. పక్కింటివారి చీటీతో పోల్చి చూడండి. వెట్టి పోయిన దారి అటువంటి చిన్న పనుల మీదుగానే వెళ్ళింది.